ఇంగ్లీషు నామముల వెంటవచ్చు ప్రిపొజిషనులు – మన కారకదృష్టి

కొన్నియేండ్ల క్రిందట మా శాఖలోని విద్యార్థి యొకడు విశ్వనాథ సత్యనారాయణగారి విమర్శగ్రంథములను పరిశీలించి సిద్ధాంతవ్యాసము వ్రాసెను. వ్యాసము తెలుగున నున్నది. దాని పేరు ‘విశ్వనాథ విమర్శ’. విశ్వనాథవారు కవులే కాక విమర్శకులు కూడ ననియు, ‘నన్నయగారి ప్రసన్నకథాకలితార్థయుక్తి’ వంటి గ్రంథములు రచించిరనియు తెలుగువారెఱిగినదే. కావున ఆ శీర్షికను చూచిన తెలుగువాని కెవ్వనికిని సందేహము కలుగలేదు. నిబంధన ననుసరించి ఇంగ్లీషు శీర్షిక కూడ కావలసివచ్చెను. విద్యార్థి ‘ది క్రిటిసిజం ఆఫ్ విశ్వనాథ’ అని వ్రాసెను. పర్యవేక్షకుడనగు నేను చదివి చేవ్రాలు చేసితిని. తరువాత వేఱొక భారతీయభాషాశాఖకు చెందిన పండితుడొకరు, “మీ విద్యార్థి అంతటి మహాకవిని ఖండించుటకు పూనుకొన్న కారణమేమి?” అని నన్నడిగిరి.

ఆ ప్రశ్న న్యాయమైనది. ‘క్రిటిసిజం’ అను నామము వెంట ‘ఆఫ్’ వచ్చినప్పుడు, ఆ ‘ఆఫ్’ తరువాతి మనుష్యుడు విమర్శకు గుఱియైనవాడని ఇంగ్లీషు చదువరి మొదట గ్రహించును. విమర్శించినవాడు విశ్వనాథయే యని చెప్పదలచినచో, ఇంగ్లీషున ఆయన పేరును ముందుంచి షష్ఠీచిహ్నము చేర్చవలెను. లేదా విమర్శకుడుగా విశ్వనాథ యని స్పష్టముగ చెప్పవలెను. మేము కర్తను కర్మగా మార్చితిమి. తప్పు విద్యార్థిదికంటె నాదే యెక్కువ. ఆ సిగ్గు నన్నీ విషయమును గుఱించి ఆలోచింపజేసినది.

సాధారణముగా ఇట్టి విషయములను ఇంగ్లీషుశాఖవారికి విడిచిపెట్టుట మన అలవాటు. నా యభిప్రాయము వేఱు. తెలుగు, కన్నడ, ఒడియా, వంగభాషలలో పరిశోధన చేయువారు ఒకరి కృషి నొకరు తెలిసికొనుటకు నేటికిని ఇంగ్లీషు శీర్షికలును, ఇంగ్లీషు సంగ్రహములునే ఆధారము. సిద్ధాంతవ్యాసములు శోధగంగ వంటి భాండారములలో నుంచబడుచున్న యీ కాలమున, నాలుగువందల పుటల తెలుగు వ్యాసమునకు బయటిలోకమున కనుపించు ముఖము ఆ యొక్క పంక్తియే. ఆ పంక్తిలోని చిన్నమాట తప్పినచో వ్యాసమే తప్పుగా పరిచితమగును. ఆ మాటను సరిదిద్దుటకు వలసిన పరికరములు మన వ్యాకరణములలోనే యున్నవని చూపుట ఈ వ్యాసోద్దేశము.

ముందుగా పరిభాషను గుఱించి యొకమాట. ‘ప్రిపొజిషను’ను కొందఱు ఉపసర్గ యని అనువదింతురు. ఇది సరికాదు. సంస్కృతమున ఉపసర్గ క్రియాయోగము కలది. అది ధాతువును విశేషించును. నామమునకు విభక్తిని విధించుచు స్వతంత్రముగ నిలుచు అవ్యయములను పాణిని కర్మప్రవచనీయములని వేఱుగా పేర్కొనెను. ఇంగ్లీషు ప్రిపొజిషనుకు దగ్గఱిచుట్టము ఇదియే. అయినను విద్యార్థిలోకమున రూఢమైన ‘ప్రిపొజిషను’ అను మాటనే ఇచ్చట వాడుచున్నాను.

ఇక ప్రకృతము. ఇంగ్లీషున ‘డిస్కస్’ అను క్రియ సకర్మకము. దాని కర్మకు ప్రిపొజిషను అక్కఱలేదు. కాని దానినుండి పుట్టిన ‘డిస్కషన్’ అను నామము కర్మను తిన్నగా గ్రహింపజాలదు. ‘ఆఫ్’ గాని ‘అబౌట్’ గాని ‘ఆన్’ గాని నడుమ నిలువవలెను. ‘ఎంఫసైజ్’ క్రియకు ప్రిపొజిషను లేదు. ‘ఎంఫసిస్’ నామమునకు ‘ఆన్’ కావలెను. ‘ఎంటర్’ అను క్రియ గదిని తిన్నగా గ్రహించును. ‘ఎంట్రీ’ అను నామము ‘ఇన్‌టు’ను గాని ‘టు’ను గాని కోరును. ‘రిక్వెస్ట్’, ‘డిమాండ్’ అనునవి క్రియలుగాను నామములుగాను ఒకే రూపమున నుండును; క్రియలైనప్పుడు ప్రిపొజిషను లేదు, నామములైనప్పుడు ‘ఫర్’ తప్పదు. మన విద్యార్థులు చేయు తప్పులలో పెక్కు ఈ సరిహద్దునందే జరుగుచున్నవి. నామమున కుచితమైన ప్రిపొజిషనును క్రియకు తగిలించి ‘డిస్కస్ అబౌట్’, ‘ఎంఫసైజ్ ఆన్’, ‘రిక్వెస్ట్ ఫర్’ అని వ్రాయుదురు. అట్లు వ్రాసినవారే నామమునొద్దకు వచ్చుసరికి, ఏ ప్రిపొజిషను వేయవలెనో తోచక, ‘ఆన్’ వేసి ఊరకుందురు.

‘డిస్కస్ అబౌట్’ అనుటకు మన భాషలోనే యొక కారణము కలదు. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణమున (1858) ద్వితీయావిభక్తి ప్రత్యయములను చెప్పుచు ని, ను, ల అనువానితోపాటు కూర్చి, గుఱించి అనువానిని గూడ చేర్చినాడు. అనగా తెలుగువానికి ‘విషయమును చర్చించుట’యు, ‘విషయమును గుఱించి చర్చించుట’యు రెండును ద్వితీయయే. వాడు ఇంగ్లీషున ‘అబౌట్’ చేర్చుట అజ్ఞానము కాదు. తన వ్యాకరణమును అన్యభాషకు ప్రయోగించుట. కారణ మెఱిగి చెప్పినచో విద్యార్థి ఒకసారికే గ్రహించును. కారణము చెప్పక గీతగీసి కొట్టివేసినచో మఱునాడు మరల అదే వ్రాయును.

క్రియ నామముగా మాఱినప్పుడు దాని కర్మకు విభక్తి మాఱుట ఇంగ్లీషునకు మాత్రమే గల వింత కాదు. కృదంతములతో కూడినప్పుడు కర్తకును కర్మకును షష్ఠి వచ్చునని పాణిని అష్టాధ్యాయి ద్వితీయాధ్యాయ తృతీయపాదమున 65వ సూత్రముగా శాసించెను. ఒకే కృదంతమునకు కర్తయు కర్మయు రెండును షష్ఠిని పొందవలసివచ్చినపుడు కర్మకే షష్ఠి యని 66వ సూత్రము. గోపాలుడు కానివాడు గోవులను పితుకుట ఆశ్చర్యమను అర్థము గల వాక్యము వ్యాఖ్యాతలు దీనికి చూపు ప్రసిద్ధోదాహరణము. అందు గోవులకు షష్ఠి, పితికినవానికి తృతీయ. దీనిని ఇంగ్లీషున చెప్పి చూడుడు: పితుకుటను తెలుపు నామము వెంట గోవులకు ‘ఆఫ్’, మనుష్యునకు ‘బై’. రెండును అదే క్రమమున వచ్చినవి. శతృశానచ్ ప్రత్యయాంతములకును, తుమున్నాద్యవ్యయములకును ఈ షష్ఠి వర్తింపదని 69వ సూత్రము నిషేధించినది. ఇంగ్లీషునను ‘డిస్కసింగ్’ అని క్రియాస్వభావము మిగిలియున్న రూపము కర్మను తిన్నగా గ్రహించును. ‘డిస్కషన్’ అని పూర్తిగా నామమైనచో గ్రహింపదు.

ఆధునిక భాషాశాస్త్రజ్ఞులు ఈ భేదమును ఇరువదవ శతాబ్దమున విస్తరించి చర్చించిరి. రాబర్ట్ లీస్ ఇంగ్లీషు నామీకరణములపై 1960లో గ్రంథము ప్రకటించెను. నోమ్ చామ్‌స్కీ 1957లోనే, వేటగాండ్ర కాల్పు అను అర్థముగల ఇంగ్లీషు పదబంధమున ‘ఆఫ్’ తరువాతి వేటగాండ్రు కాల్చినవారో, కాల్చబడినవారో తెలియదని చూపెను. 1970లో నామీకరణమును గుఱించి ప్రత్యేకవ్యాసము వ్రాసెను. వారి సిద్ధాంతము వేఱు, పాణిని మార్గము వేఱు. రెండును ఒకటియే యని నేననను. కాని ప్రశ్న ఒకటియే: క్రియ నామమైనప్పుడు కర్తృకర్మలు ఏ చిహ్నముతో నిలుచును? ఈ ప్రశ్న మన విద్యార్థికి కొత్తది కాదు. దానిని కొత్తదిగా తోపింపజేసినది మన బోధనయే.

తెలుగునను ఈ భేదము కలదు. ‘పుస్తకమును చదువుట’ యన్నప్పుడు చదువుట నామమైనను ద్వితీయ నిలిచినది. ‘పఠనము’ అను సంస్కృతనామము తెచ్చినంతనే ‘పుస్తకమును పఠనము’ అనజాలము. ‘పుస్తకపఠనము’ అని సమాసము చేయుదుము. ఇచ్చటనే మన ఇబ్బందికి అసలు మూలము కనుపించును. ఇంగ్లీషు ఎచ్చట ప్రిపొజిషనును పైకి చెప్పునో, అచ్చట మనము సమాసముచేసి విభక్తిని లోపల దాచుదుము. దేశభక్తి, చోరభయము, గురుదక్షిణ, ప్రజాసేవ – ఇన్నిటియందును రెండు నామములు ప్రక్కప్రక్క నున్నవి. నడుమనున్న సంబంధము వినువాని బుద్ధికి విడువబడినది. మొదటిది దేశమునందు భక్తి. రెండవది చోరునివలన భయము. మూడవది గురువుకొఱకు దక్షిణ. నాలుగవది ప్రజలయొక్క సేవ. సమాసమును ఇంగ్లీషులోనికి మార్చుట యనగా విగ్రహవాక్యము చెప్పుటయే. విగ్రహము తెలియక అనువదించువాడు అన్నిటికిని ‘ఆఫ్’ వేయును, లేదా అన్నిటికిని ‘ఆన్’ వేయును.

అయితే విగ్రహము చెప్పినంతమాత్రమున ఇంగ్లీషు ప్రిపొజిషను దానంతట అది చేతికి రాదు. భయార్థక రక్షణార్థక ధాతువులకు భయహేతువు అపాదానమని పాణిని ఒకే సూత్రమున చెప్పినాడు. కావున సంస్కృతమున రెంటికిని పంచమి. ఇంగ్లీషున రక్షణకు ‘ఫ్రం’ వచ్చి పంచమితో సరిపోవును. భయమునకు మాత్రము ‘ఆఫ్’ వచ్చును. ‘ఆఫ్’ అనునది మొదట ‘నుండి, దూరముగా’ అను అర్థము కలదై సంస్కృతమునందలి ‘అప’కు జ్ఞాతియని భాషాచరిత్రకారులు చెప్పుదురు, నేడది షష్ఠిపని చేయుచున్నది. స్పృహార్థక ధాతుయోగమున కోరబడిన వస్తువు సంప్రదానమగునని వేఱొక సూత్రము, అందుచే చతుర్థి. ఇంగ్లీషునను కోరిక, ఆకాంక్ష, అన్వేషణ, అభ్యర్థన, అవసరము అను అర్థముగల నామములకు ‘ఫర్’ వచ్చును. ఇట్లు కొన్ని కలియును, కొన్ని కలియవు. కలిసినచోట జ్ఞాపకమునకు ఊతమగును; కలియనిచోట హెచ్చరికయగును. కారకము అర్థసంబంధము, విభక్తి దాని చిహ్నము. సంబంధము సమానమైనను చిహ్నము భాషాభేదముచే మాఱును. ఈ వివేకమే విద్యార్థికి నేర్పవలసినది.

ఈ దృష్టితో చూచినచో ఇంగ్లీషు నామములను కొన్ని తెగలుగా ఏర్పఱుపవచ్చును. క్రియకే ప్రిపొజిషను ఉన్నచో నామము సాధారణముగా దానినే నిలుపుకొనును: ‘డిపెండ్ ఆన్’ నుండి ‘డిపెండెన్స్ ఆన్’, ‘అబ్జెక్ట్ టు’ నుండి ‘అబ్జెక్షన్ టు’, ‘బిలీవ్ ఇన్’ నుండి ‘బిలీఫ్ ఇన్’. మన నమ్మకము దేవునిమీద నుండును, ఇంగ్లీషువాని నమ్మకము దేవునిలో నుండును, ఇంతే భేదము. క్రియ సకర్మకమై కర్మను చేయునదిగా, చెఱుచునదిగా, మార్చునదిగా ఉన్నచో తఱచు ‘ఆఫ్’: నిర్మాణము, నాశనము, అనువాదము. క్రియ కర్మకు ఎదురుగా సాగునదై, కర్మ గమ్యముగానో గుఱిగానో ఉన్నచో ‘టు’ గాని ‘ఆన్’ గాని: ‘ఆన్సర్ టు’, ‘విజిట్ టు’, ‘అటాక్ ఆన్’, ‘ఇన్‌ఫ్లుయెన్స్ ఆన్’. కోరబడిన వస్తువునకు ‘ఫర్’. వీనికి లొంగనివి కొన్ని యుండును. ‘ప్రౌడ్’ విశేషణమునకు ‘ఆఫ్’ వచ్చును గాని ‘ప్రైడ్’ నామమునకు ‘ఇన్’ వచ్చును. ‘ఫాండ్’కు ‘ఆఫ్’, ‘ఫాండ్‌నెస్’కు ‘ఫర్’. ఇట్టివానిని మాత్రమే కంఠస్థము చేయింపవలెను.

తెలుగు ప్రత్యయమునకు ఇంగ్లీషు ప్రిపొజిషను ఒకదానికొకటిగా ఏర్పఱుచు పట్టికలు పాఠ్యపుస్తకములలో కనుపించును. అవి ఎంత మోసగించునో యొక్కమాట చాలును. ‘ఆలస్యమునకు కారణము’, ‘రోగమునకు కారణము’ – తెలుగున రెంటికిని కు వర్ణకమే. చిన్నయసూరి దీనిని షష్ఠిలో నుంచినాడు. ఇంగ్లీషున మొదటిది ‘రీజన్ ఫర్’. రెండవది ‘కాజ్ ఆఫ్’. మొదటిది సమాధానముగా చెప్పుకొను హేతువు. రెండవది కార్యమును పుట్టించిన నిమిత్తము. మన ‘కారణము’ రెంటిని కలుపుకొన్నది. అట్లే పెరుగుదల: ‘ఇంక్రీజ్ ఇన్’ అన్నచో ఏది పెరిగినదో అది, ‘ఇంక్రీజ్ ఆఫ్’ అన్నచో తఱచు ఎంత పెరిగినదో అది. ధరలో పెరుగుదలయు, పదిరూపాయల పెరుగుదలయు ఇంగ్లీషున వేర్వేఱు వాకిళ్లనుండి ప్రవేశించును.

ఈ చర్చ పండితుల వినోదమని తోచినచో భారత రాజ్యాంగము 350ఎ అధికరణమును చూడవచ్చును. 1956లో ఏడవ సవరణచే చేరిన యీ అధికరణము, భాషాపరముగా అల్పసంఖ్యాకులైనవారి బిడ్డలకు ప్రాథమికదశలో మాతృభాషయందు బోధనకు వలయు సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని ప్రతి రాష్ట్రమునకును, స్థానికసంస్థకును చెప్పుచున్నది. ఇంగ్లీషు మూలమున ‘ఇన్‌స్ట్రక్షన్’ అను నామము వెంట ‘ఇన్’ ఉన్నది. సంగీతమును ‘ఇన్’తో చెప్పినచో సంగీతము నేర్పుట, భాషను ‘ఇన్’తో చెప్పినచో ఆ భాష మాధ్యమముగా నేర్పుట కావచ్చును, ఆ భాషనే నేర్పుటయు కావచ్చును. విద్యావిషయమున మాధ్యమార్థమే ప్రసిద్ధము. తెలుగున దీనిని ‘మాతృభాషాబోధన’ యని సమాసము చేసినచో మాధ్యమార్థము జాఱిపోయి, వారమునకు కొన్నిగంటల తెలుగు పాఠము మాత్రమే మిగులును. ‘మాతృభాషలో బోధన’ యన్నచో గణితమును, చరిత్రయు, విజ్ఞానమును తెలుగున చెప్పవలసివచ్చును. తమిళనాటను, కర్ణాటకమునను, ఒడిశాలోను ఉన్న తెలుగు బిడ్డలకు ఈ రెంటినడుమ ఎంత భేదము కలదో చెప్పనక్కఱలేదు. మాతృభాషాబోధన యని వ్రాసికొన్న అర్జీకి ఒక ఉపాధ్యాయుడు లభింపవచ్చును. మాతృభాషలో బోధన యని వ్రాసికొన్న అర్జీ పాఠశాలను కోరును. ఒక విభక్తి ప్రత్యయము లోపించుటచే కోరిక యింతగా కుదించుకొనిపోవును.

ఇక ప్రతిప్రవాహమును గూడ గమనింపవలెను. ఇంగ్లీషు ప్రిపొజిషనులు మన వచనములోనికి వచ్చి తెలుగు సొంపును చెఱుచుచున్నవి. ‘ఆఫ్’ కనబడినచోటనెల్ల ‘యొక్క’ వేయుట పాతరోగము. ‘ఆన్’ కనబడినచోటనెల్ల ‘పై’ వేయుట కొత్తరోగము. భాషపై అధ్యయనము, కవిపై పరిచయము, సమస్యపై అవగాహన – ఇవి తెలుగు కావు. భాషాధ్యయనము, కవిపరిచయము, సమస్యను గుఱించిన అవగాహన – ఇవి తెలుగు. అంతేకాక నామమును విశేషించునప్పుడు తెలుగు తన పదమునకే రూపము మార్చును: ‘పుస్తకములో ఉన్నది’, కాని ‘పుస్తకములోని కథ’, ‘కొండమీద కట్టిరి’, కాని ‘కొండమీది గుడి’. ఇంగ్లీషున ఈ రెంటికిని ప్రిపొజిషను ఒకటియే. ఆ భాషకు లేని యీ సూక్ష్మత మనకు కలదు. ‘గ్రంథములో విషయములు పరిశీలన’ యని వ్రాయు నేటి విద్యార్థి ఇంగ్లీషును సంపాదించుకొనక మునుపే తెలుగును పోగొట్టుకొనుచున్నాడు.

నా వాదమునకు ఒక ఆక్షేపము రావచ్చును. భారతదేశమున ఇంగ్లీషు ఒక స్వతంత్రరీతిని తాల్చినది. ‘డిస్కస్ అబౌట్’ అనుట లక్షలమంది వాడుక. దానిని తప్పనుట దాస్యము కాదా? ఈ యాక్షేపమునందు సత్యము కలదు. ‘డిస్కస్ అబౌట్’ అన్నవాని భావము ఎవరికిని తెలియకపోదు. అట్టిది ఆచారభంగమే కాని అర్థభంగము కాదు. దానికి ఉదారముగ నుండవచ్చును. కాని ‘ది క్రిటిసిజం ఆఫ్ విశ్వనాథ’ అర్థభంగము. తెలుగుమీది సంస్కృత ప్రభావమును గుఱించి వ్రాయువాడు ‘ఇన్‌ఫ్లుయెన్స్’ వెంట ‘ఆఫ్’, ‘ఆన్’ అనువానిని తాఱుమాఱు చేసినచో చరిత్రయే తలక్రిందులగును. ఆ రెంటిలో నొకటి విడిచినచో ప్రభావము చూపినదెవరో, పొందినదెవరో చదువరి ఊహింపవలసివచ్చును. మహాభారతమునకు నన్నయ చేసిన అనువాదమును చెప్పుటకు ఇంగ్లీషున ‘ట్రాన్స్‌లేషన్’ అను నామము వెంట ‘ఆఫ్’, ‘ఫ్రం’, ‘ఇన్‌టు’, ‘బై’ అను నాలుగును నిలువవలసియుండును: అనూదితమైన కావ్యము, మూలభాష, లక్ష్యభాష, కర్త. ఇందొక్కటి స్థానము తప్పినను నష్టము ఆచారమునకు కాదు, సత్యమునకు. కావున మొదటితెగ తప్పులను క్షమించి, రెండవతెగ తప్పులను ఏమాత్రమును సహింపరాదని నా యభిప్రాయము. మనమిప్పుడు చేయుచున్నది దీనికి విపరీతము: ‘డిస్కస్ అబౌట్’ను ఎఱ్ఱసిరాతో కొట్టివేయుచు, కర్తృకర్మలు తాఱుమాఱైన శీర్షికలకు చేవ్రాలు చేయుచున్నాము.

చేయవలసినది పెద్దపని కాదు. పరిశోధకుడు ఇంగ్లీషు శీర్షికను సమర్పించునప్పుడు, దాని వెనుకనున్న తెలుగు సమాసమునకు విగ్రహవాక్యమును గూడ వ్రాసి తీసికొనిరావలెను. శీర్షికలోని ప్రధాననామము ఏ క్రియనుండి పుట్టినది, చేసినవాడెవడు, చేయబడినదేది, ఎవరికొఱకు, దేనినుండి, దేనియందు – ఈ ప్రశ్నలు పర్యవేక్షకుడు అడుగవలెను. వానికి సమాధానము లభించిన పిదప తగిన ప్రిపొజిషనును నిఘంటువున చూచుకొనవచ్చును. మంచి ఇంగ్లీషు నిఘంటువులు నామముతోపాటు దానిని గూడ చూపును. కాని సంబంధము తెలియనివానికి నిఘంటువు కూడ తోడుపడదు.

నా విద్యార్థి వ్యాసమునకు శీర్షిక సరిదిద్దబడినది. కాని మొదటి శీర్షికను చూచినవారిలో ఎందఱు దానిని విశ్వనాథఖండనముగా భావించి ప్రక్కకు నెట్టిరో నేనెఱుగను. ఆరేండ్ల కృషికి రెండక్షరముల మాట అడ్డుపడినది. ఆ మాటను కనిపెట్టి చెప్పుటకు వలసిన వ్యాకరణము నేను ప్రతియేట తరగతిలో బోధించుచున్నదే. ఇట్టి చేవ్రాలు మఱియెవ్వరును చేయకుందురు గాక యని నా మనవి.